మొక్కకు మట్టి.. మిద్దెకు లెక్క

సౌకార్‌పేట పాత ఇళ్లపై పూలకుండీలు పెట్టేవారు ముందుగా చూసుకోవాల్సింది మన్నునే

సౌకార్‌పేట: ఇరుకు సందులు.. ఒకదాన్నొకటి ఆనుకుని లేచిన గోడలు.. కింద అంగడి, పైన కాపురం. మింట్ వీధి, కాశిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి.. ఎటు తిరిగినా ఇదే తీరు. పెరడన్న మాటే లేదు. వాకిట్లో పిడికెడు మన్నయినా కనిపించదు. అయినా పూజకు పువ్వు కావాలి, మొక్కుకోవడానికి తులసమ్మ కావాలి. అందుకే ఇక్కడ తోట మేడెక్కింది. తెలుగు ఇంట్లో కనకాంబరం, మార్వాడీ ఇంట్లో తులసి, గుజరాతీ ఇంట్లో మందారం.. భాషలు వేరైనా కుండీలు ఒక్కటే.

చిక్కు కూడా ఒక్కటే. ఎంతో ఇష్టంగా తెచ్చిన మొక్క ఎండాకాలం తట్టుకుంటుంది. తీరా వానలు పడి అంతా పచ్చబడే వేళకు వాలిపోతుంది. ‘చెయ్యి మంచిది కాదు’ అనుకుంటూ మళ్లీ కొంటారు. అదీ పోతుంది. నిజానికి తప్పు చేతిది కాదు, కుండీలో నింపిన మన్నుది. పాత కట్టడాలున్న ఈ పేటలో ఆ మన్ను చంపేది మొక్కనొక్కదాన్నే కాదు. కింద మనుషులున్న కప్పుకీ అది భారమే.

దాహంతో కాదు.. ఊపిరాడక

కుండీ మొక్కలు ఎక్కువగా నీళ్లు చాలక పోవు. నీళ్లు నిలిచి పోతాయి. వేరుకు నీరెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. ఆ సందులన్నీ రోజుల తరబడి నీళ్లతో నిండిపోతే వేరు ఊపిరాడక కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీటిని పీల్చుకోలేదు కాబట్టి ఆకులు వాడతాయి. వాడింది కదా అని మరో చెంబు పోస్తాం. అక్కడితో దాని కథ ముగిసినట్టే.

దీనికి తులసే సాక్షి. చెన్నైలో ఏడాదికి కురిసే వాన సుమారు 1,400 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. సరిగ్గా అప్పుడే కార్తీకం. తెల్లవారుజామున తలస్నానం, తులసికోట ముందు దీపం, మొదట్లో చెంబుడు నీళ్లు. పైనుంచి వాన, చేతినుంచి చెంబు.. బంకమన్ను కుండీ అయితే తులసి తట్టుకోలేదు. నియమం తప్పక్కర్లేదు. వాన రోజుల్లో ఉద్ధరిణెడు చాలు. వెన్నులు ముదరకుండా గిల్లితే మొక్క ఇంకొంత కాలం నిలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పోసిన నీరు అర నిమిషంలో పైనుంచి ఇంకిపోయి, కాసేపట్లో అడుగు నుంచి కారాలి. కారకపోతే మన్ను మార్చాల్సిందే.

కింద ఇసుక.. ఒకప్పటి తీపి నీళ్లు

ఈ పేటకు నేల గుణం కొత్త సంగతేం కాదు. సౌకార్‌పేటను ఆనుకునే ఉంది ‘ఏడుబావుల’ ప్రాంతం.. తమిళంలో ఏళు కిణరు, ఇంగ్లీషులో సెవెన్ వెల్స్. 1772లో అక్కడ బావులు తవ్వించి సెయింట్ జార్జి కోటకు మంచినీళ్లు పంపారు. సముద్రం ఇంత దగ్గరున్నా ఆ నీళ్లు తియ్యగా ఉండటానికి కారణం ఇసుక నేలే. వాన పడితే ఇంకిపోయి, ఉప్పునీటి మీద తీపి నీటి పొర నిలిచేది. ఇప్పుడు ఆ ఇసుకంతా సిమెంటు కింద ఉంది. తీరం పక్క బోర్లలో ఉప్పు తగిలే ఇళ్లున్నాయి. కాబట్టి మేడ మీద మన్ను ఎంచుకునేటప్పుడు ఏ నీళ్లు పోయబోతున్నామన్నదీ లెక్కలోకి తీసుకోవాలి.

బోరు నీళ్లే దిక్కయితే కుండీ అంచున, మన్ను మీద తెల్లటి పొర కడుతుంది. ఆకు అంచులు మాడతాయి. ఎరువు చాలలేదేమోనని ఇంకాస్త వేస్తే ఉప్పు మరింత పెరుగుతుంది. దీనికి మందు వాన నీరే. తమిళనాడులో 2003 నుంచి ఇళ్లకు వాన నీటి సేకరణ తప్పనిసరి. ఆ గొట్టం కింద ఒక డ్రమ్ము పెట్టుకున్నా కొన్ని వారాలు గడుస్తాయి. అదీ కుదరకపోతే నెలకోసారి మంచినీళ్లు కుండీ కొలతకు రెండింతలు నెమ్మదిగా పోసి ఉప్పును కడిగేయాలి. నీరు దిగే మన్నయితేనే ఈ కడుగుడు పని చేస్తుంది. బంకమన్నులో ఉప్పు అక్కడే ఉండిపోతుంది.

ఏ మన్ను ఎలాంటిది?

ఎర్రమన్ను: నర్సరీల్లో ‘సెమ్మణ్’ అని అమ్మేది ఇదే. నగరానికి వాయవ్యంగా ఉన్న రెడ్‌హిల్స్‌కు తమిళ పేరు సెంగుండ్రం. అంటే ఎర్రకొండే. ఈ మన్ను మొక్కను నిలబెడుతుంది, కాస్త పోషకాలూ ఇస్తుంది. కానీ ఒక్కదాన్నే నింపితే నాలుగు తడులకే బిగుసుకుపోయి ఇటుకవుతుంది.

ఒండ్రుమట్టి: చెరువు అడుగు నుంచి తీసేది. ఇక్కడ ‘వండల్’ అంటారు. పొలానికి బలం, కుండీకి బరువు. నీరు పట్టి ఉంచుతుంది కాబట్టి మేడమీదికి ఒంటరిగా పనికిరాదు.

ఇసుక: ముతకది కావాలి. ఎం-శాండ్ వాడితే జల్లించి పొడి తీసేయాలి. లేదంటే ఆ పొడే సందులు పూడ్చేస్తుంది. సముద్రపు ఇసుక జోలికి పోవద్దు, ఉప్పు వదలదు.

కొబ్బరిపొట్టు: తేలిక, తడి పట్టి ఉంచుతుంది. 5 కిలోల ఇటుకను నానబెడితే సుమారు 60-70 లీటర్ల పొట్టవుతుంది. దీనిలోనూ ఉప్పుంటుంది. రెండు మూడు నీళ్లు మార్చి కడిగాకే కలపాలి. తమిళనాడు ఉద్యాన శాఖ 2013-14లో చెన్నై, కోయంబత్తూరుల్లో మొదలుపెట్టిన మిద్దెతోట కిట్లలోనూ బరువు తగ్గించేందుకు కొబ్బరిపొట్టునే ఇచ్చారు. అయితే ఇది తిండి కాదు, మెత్తటి పరుపు మాత్రమే. పోషకాలు విడిగా ఇవ్వాలి.

ఊక: రెడ్‌హిల్స్ వైపు బియ్యం మిల్లులున్నాయి కనుక వరి ఊకకు కరవు లేదు. ఇసుకలాగే సందులు చేస్తుంది, బరువు మాత్రం ఉండదు. కావాల్సింది ఊకే, దాని బూడిద కాదు. బూడిద క్షారం. ఏడాది తిరిగేసరికి ఊక చివికి మన్ను కిందికి దిగుతుంది, మళ్లీ పైన నింపుకోవాలి.

ఎరువు: బాగా మాగిన పశువుల ఎరువు గానీ వానపాముల ఎరువు గానీ. చేత్తో పట్టుకుంటే వేడి ఉండకూడదు, వాసన వానకు తడిసిన నేలలా ఉండాలి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగును పిలిచినట్టే.

పాత గోడ మన్ను వద్దు

ఇది ఈ పేటలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన మాట. ఎక్కడో ఒకచోట పాత ఇల్లు కొడుతూనే ఉంటారు. కుప్పపోసిన మన్ను ఊరికే వస్తుంది. నాలుగు బస్తాలు మేడమీదికి ఎక్కించేస్తారు. ఈ ఇళ్లు సిమెంటు రాకముందు సున్నంతో కట్టినవి. ఆ మన్నునిండా సున్నపు గచ్చే. సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. మందారం లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఆ గుర్తు కనిపిస్తే ఎరువు మార్చి లాభం లేదు, మన్ను మార్చాలి.

పరీక్ష ఇంట్లోనే ఉంది. చెంచాడు పొడి మన్ను మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ నాలుగు చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే సున్నం ఉన్నట్టే.

బంక ఎంతుందో తెలుసుకోవడానికి గాజు సీసా చాలు. మూడో వంతు మన్ను, మిగతా నీళ్లు పోసి, బాగా కుదిపి కదపకుండా పెట్టాలి. ఇసుక నిమిషాల్లో అడుగు చేరుతుంది. మెత్తటి ఒండ్రు కొన్ని గంటలు తీసుకుంటుంది. బంక ఒక రోజు దాటినా నీటిలో మసకగా తేలుతూనే ఉంటుంది. మర్నాటికి పొరలు విడిగా కనిపిస్తాయి. పై పొర మందంగా ఉంటే ఆ మన్నుకు ఇసుకో ఊకో తోడు కావాలి.

అడుగున కంకర.. అదో అపోహ

కుండీ అడుగున రెండంగుళాలు గులకరాళ్లో ఓటికుండ పెంకులో పరిస్తే నీరు బాగా దిగుతుందని తరతరాల నమ్మకం. జరిగేది వేరు. సన్నటి రేణువుల మన్నులోని నీరు, అది పూర్తిగా నిండేదాకా, కింది పెద్ద సందుల్లోకి దిగదు. తడిపిన స్పాంజిని రాళ్ల మీద పెట్టి చూడండి, అడుగు భాగం చెమ్మగానే ఉండిపోతుంది. కంకర పరిస్తే ఆ చెమ్మ పొర వేళ్లకు రెండంగుళాలు దగ్గరవుతుందంతే. పైగా బరువు. చిల్లుకు అడ్డంగా మన్ను జారకుండా ఒక పెంకో, చిన్న దోమతెర ముక్కో పెడితే సరి. అడుగు నుంచి పైదాకా ఒకే రకం మిశ్రమం నింపాలి. వెడల్పాటి కుండీ కన్నా లోతైనది త్వరగా ఆరుతుంది.

కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు కొన్నవారికీ ఇదే సూత్రం. తూర్పుగోదావరి నుంచి లారీల్లో వచ్చే చాలా మొక్కల వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. దూరప్రయాణంలో తడి ఆరకుండా అదే కాపాడుతుంది. ఇంటికొచ్చాక దాన్ని అలాగే పొడి మిశ్రమంలో దింపితే నీరు ముద్దను తప్పించుకుని పక్కనుంచి కారిపోతుంది. నాటేముందు ముద్దను కాసేపు నానబెట్టి, అంచుల మన్ను వేళ్లు తెగకుండా మెల్లగా వదిలించాలి.

ఏ పువ్వుకు ఏ పాలు?

అన్నీ కొలతలే, తూకాలు కాదు. ఒకే గిన్నెతో కొలుచుకోవాలి.

మల్లె, మందారం, నందివర్ధనం: ఎర్రమన్ను ఒక పాలు, మాగిన ఎరువు ఒక పాలు, కడిగిన కొబ్బరిపొట్టు ఒక పాలు, ఊక అర పాలు. కుండీకి గుప్పెడు వేపపిండి.

తులసి, మరువం: ఎర్రమన్ను రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, ఎరువు అర పాలు. ఇది బరువైన మిశ్రమం, కాబట్టి ఒకటి రెండు కుండీలతో సరిపెట్టుకోవాలి.

కనకాంబరం: మల్లె మిశ్రమమే, వేపపిండి మాత్రం రెట్టింపు. నులిపురుగులు, ఎండుతెగులు దీనికి జన్మశత్రువులు. పాత కనకాంబరం చచ్చిన కుండీ మన్నులో మళ్లీ కనకాంబరం నాటకూడదు.

ఉప్పునీళ్లే గతి అయిన ఇళ్లకు గన్నేరు మేలు. అది ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. దానిలో ప్రతి భాగమూ విషం కనుక పిల్లలున్న ఇంట్లో అందనంత దూరంలో ఉంచాలి.

మల్లె గురించి ఒక మాట. రామనాథపురం జిల్లాలోని తంగచ్చిమడం మల్లె నార్లకు పేరుపడింది. అక్కడి ఇసుక నేలలో వేసిన కొమ్మలు వేరూని దూరప్రాంతాలకు వెళ్తాయి. 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన మదురై మల్లె మొగ్గకు ఎంత పేరున్నా, కొమ్మ వేరూనడానికి నీరు నిలవని నేలే కావాలి.

మంచులో పూసే మొక్కకూ ఇదే సూత్రం

అమెరికాలోనో, ఇంగ్లండులోనో పిల్లలున్న ఇళ్లకు చలికాలంలో ఒక ఫొటో వస్తుంటుంది. మంచు మధ్య తలవంచుకుని పూసిన తెలుపు, ఊదా పూలు. పేరు హెల్లెబోర్. క్రిస్మస్ గులాబీ, లెంటెన్ గులాబీ అనీ అంటారు గానీ గులాబీ జాతి కాదు. యూరప్, పశ్చిమాసియా కొండల్లో చెట్ల నీడన పెరిగేది. అమెరికాలోని పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ 2005లో దీని సంకర రకాలను ఆ ఏటి మేటి మొక్కగా ఎంచుకుంది. అక్కడి మనవాళ్ల పెరళ్లకు సరిపోయే మొక్కే.

దీని మన్ను సంగతి వింటే సౌకార్‌పేట వాళ్లకు కొత్తగా అనిపించదు. చెమ్మ ఆరకూడదు, నీరు నిలవకూడదు. అందుకే బంక నేలల్లో చివికిన ఆకుల ఎరువు బాగా కలిపి, కాస్త ఎత్తు చేసి నాటుతారు. మొదలు లోతుగా పూడిస్తే కుళ్లుతుంది. ఒక్క తేడా.. మందారానికి పడని సున్నం దీనికి ఇబ్బంది కాదు. సున్నపురాతి నేలల్లోనూ హాయిగా పెరుగుతుంది. కాబట్టి ‘మంచి మన్ను’ అంటూ ఒకటి లేదు. ఆ మొక్కకు, ఆ చోటికి తగినదే మంచి మన్ను.

మరి ఇక్కడ పెంచొచ్చా? వద్దు. గింజ మొలవాలంటే ముందు వెచ్చదనం, తర్వాత వారాల తరబడి గట్టి చలి ఉండాలి. చెన్నైలో మార్గశిరం చలి దుప్పటి కప్పుకోవడానికే గానీ ఆ గింజను లేపడానికి చాలదు. అగ్నినక్షత్రం ఎండలకైతే మొక్క బతికి బట్టకట్టదు. ఆన్‌లైన్‌లో విత్తనాలు చూసి ముచ్చటపడితే డబ్బు మట్టిలో పోసినట్టే. ఇదీ విషపు మొక్కే, అక్కడ నాటుకునేవారూ పిల్లలతో జాగ్రత్త.

కప్పు ఎంత మోస్తుంది?

అసలు లెక్క ఇక్కడుంది. 12 అంగుళాల కుండీలో సుమారు 15 లీటర్ల మన్ను పడుతుంది. బాగా తడిసిన మన్ను లీటరుకు దాదాపు 1.8 కిలోలు తూగుతుంది. అంటే కుండీ బరువు కాకుండానే 27 కిలోలు. చదరపు మీటరు చోటులో ఇలాంటివి తొమ్మిది సర్దవచ్చు. మొత్తం 243 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే మేడకు భారత ప్రమాణాల ప్రకారం ఇంజినీర్లు లెక్కవేసే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అదీ ఆ ప్రమాణాలతో కట్టిన కొత్త కాంక్రీటు కప్పుకు.

ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి ‘మద్రాస్ టెర్రస్’ కప్పులు. టేకు దూలాలు వేసి, వాటి మీద సన్నటి ఇటుకలను ఏటవాలు వరసల్లో నిలువుగా సున్నంతో పేర్చి, పైన ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిస చేసి, ఆపైన పలకలు పరిచేవారు. పొడిగా ఉంటే తరాలు నిలిచే కప్పు. దానికి పడనిది నిత్యం చెమ్మ. కుండీ కింద ఆరని తడి సున్నంలోకి దిగి దూలం చివరలకు చేరుతుంది. ఆ బీటల్లో పక్షి వేసిన రావి గింజ పడిందా, ఇక వేరు ఇటుకను విడదీస్తుంది.

మరో ప్రమాదం కుండీల నుంచి కొట్టుకుపోయిన మన్ను. వాన నీరు పోయే గొట్టంలో అది పేరుకుంటే మేడ చెరువవుతుంది. పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే చాలు, చదరపు మీటరుకు 100 కిలోలు అదనంగా కప్పు మీద కూర్చున్నట్టే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కురిసిన తీరు గుర్తున్నవారికి ఇది అతిశయోక్తి అనిపించదు.

ఏం చేయాలి?

పైన చెప్పిన ఊక, కొబ్బరిపొట్టు మిశ్రమంతో అదే కుండీ తడి బరువు 17 కిలోల దాపుకు దిగుతుంది. చదరపు మీటరుకు ఐదారుకు మించకుండా పెట్టుకోవాలి. అవీ కప్పు మధ్యలో కాదు, కింద బరువు మోసే గోడ ఉన్న అంచు వెంట. ప్రతి కుండీ ఇనుప స్టాండు మీదో, కాళ్ల మీదో ఉంటే కింద గాలి ఆడుతుంది, నేల ఆరుతుంది. మట్టి కుండీల బదులు తేలికవి వాడాలి. మన్ను మార్పిడి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పూర్తిచేసుకుంటే వానలొచ్చేలోగా వేళ్లు కుదురుకుంటాయి. దీపావళికి ముందే గొట్టాల నోళ్లు శుభ్రం చేయాలి. ఎండాకాలానికి మన్ను మార్చక్కర్లేదు. పైన ఎండుటాకులో కొబ్బరిపీచో రెండంగుళాలు కప్పితే తడి నిలుస్తుంది. మన్ను వానకు తగ్గట్టు, కప్పుడు ఎండకు తగ్గట్టు.. ఈ ఊరి వాతావరణానికి అదే మార్గం.

లోపలి కప్పుకు తడి మరకలు, వంగిన దూలం, రాలుతున్న సున్నం, కొత్త బీట కనిపిస్తే మాత్రం మొక్కల ఆలోచన పక్కన పెట్టి, ఉన్న కుండీలు దించి, ఇంజినీరుకు చూపించాలి. అద్దె ఇల్లయితే యజమానికి చెప్పడం బాధ్యత. కింది వాటాలో నిద్రపోయేవారికి పైన ఎన్ని కుండీలున్నాయో తెలియదు కదా.

ఈ పేటలో ప్రతి మెట్ల కిందా ఏదో ఒక అంగడి, దాన్లో ఓ కాటా ఉంటుంది. నిండా నీళ్లు పోసిన కుండీని ఒక్కదాన్ని దించి తూకం వేయండి. వచ్చిన అంకెను మేడ మీది కుండీల లెక్కతో హెచ్చవేయండి. కొత్త మొక్క కొనాలా, ఉన్న మన్ను మార్చాలా అన్నది ఆ అంకే చెబుతుంది.